కారణ మడుగని కథ: కౌమారసాహిత్యమున క్వీర్ పాత్రలు

మన సాహిత్యచరిత్రలలో బాలసాహిత్యమునకు ఒక ప్రకరణముండును, నవలకు మఱియొక ప్రకరణముండును. ఈ రెంటి నడుమ, పదుమూడేండ్లు మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల చదువరి ఎక్కడ నిలుచునో చెప్పు ప్రకరణము తెలుగున ఇంకను ఏర్పడలేదు. 1947 జూలైలో వెలువడిన చందమామ రెండు మూడు తరములవారికి చదువు రుచి చూపినది. దానిని దాటిన పిమ్మట మేమందఱము నేరుగా పెద్దల నవలలలోనికి దుమికితిమి. ఇంగ్లీషున 'యంగ్ అడల్ట్' అను పేరు వడసిన ఆ నడిమి సాహిత్యమును నేనిచ్చట కౌమారసాహిత్యమని పిలుచుచున్నాను. అందు క్వీర్ పాత్రలు, అనగా తమ లింగమువారినే వలచు బాలబాలికలును, పుట్టుకనాడు పెద్దలు నిర్ణయించిన లింగము తమది కాదని యెఱిగిన పిల్లలును, ఏ రీతిగా చిత్రింపబడుచున్నారో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. విషయము క్రొత్తదిగా తోచవచ్చును. ప్రశ్న మాత్రము ప్రాతది.

నా దృష్టిని ఈ వైపునకు త్రిప్పినది గ్రంథము కాదు, ఒక విద్యార్థి. ఇరువదియైదేండ్లుగా నేను ఉత్తరదేశమున తెలుగు బోధించుచున్నాను. ఉద్యోగములకై తరలివచ్చిన తెలుగు కుటుంబముల పిల్లలు కొందఱును, తెలుగును క్రొత్తగా నేర్చుకొను హిందీవారు కొందఱును మా తరగతికి వత్తురు. కొన్నియేండ్ల క్రిందట, మొదటి తెగకు చెందిన యువకుడొకడు పరిశోధనాంశమును గూర్చి మాటాడుటకు వచ్చి, చాలసేపు చేతిలోని కాగితములు సర్దుకొని, తుదకు ఇట్లడిగెను: "మాస్టారూ, మా అమ్మకు తెలుగు తప్ప ఇంకో భాష రాదండీ. నా సంగతి ఆవిడకు చెప్పాలి. పేపర్లలో రాసే మాటతో చెప్పలేను. వేరే మాట ఏదైనా ఉందా?"

పత్రికలు వాడు మాట 'స్వలింగ సంపర్కము'. ఒక యువకుడు ఒక యువతిని వలచినచో తెలుగువారము దానిని ప్రేమ యందుము, వలపందుము, మనసుపడుట యందుము. 'భిన్నలింగ సంపర్కము' అని ఎవ్వరును అనరు. ఒకరికి హృదయమును, వేఱొకరికి దేహక్రియను మాత్రమే కేటాయించిన ఈ పదవిభాగములోనే తీర్పు ఇమిడియున్నది. తక్కిన మాటలు వీథిలోని తిట్లు, లేదా చట్టములోని పదములు. నైజాము కాలమున, ఫసలీ 1329లో, హైదరాబాదు రాజ్యమున 'నపుంసకుల' పేర్లు పట్టికలో నమోదు చేయించిన చట్టము శతాబ్దమునకు పైగా నిలిచి, 2023 జూలైలో తెలంగాణ ఉన్నతన్యాయస్థానముచే కొట్టివేయబడినది. తిట్టుకును చట్టమునకును నడుమ తల్లితో చెప్పదగిన మాట ఏది? అట్టి మాటలు నిఘంటువులలో పుట్టవు. కథలలో మసలి మచ్చికయైన పిమ్మట నిఘంటువులకు చేరును. కనుక ఆ యువకుని ప్రశ్న భాషాప్రశ్నయే కాదు, సాహిత్యప్రశ్న కూడను.

ప్రాచీనసాహిత్యమున ఇట్టి పాత్రలు లేవా యనువారు బృహన్నలను, శిఖండిని, ఇలను చూపుదురు. ఉన్నమాట నిజమే. కాని అర్జునుడు బృహన్నల యగుటకు ఊర్వశి శాపము కారణము. అజ్ఞాతవాసపు టేడాదితో అది తీరును. శిఖండి పుంస్త్వమునకు యక్షుని వినిమయమును, దాని వెనుక అంబ పగయు కారణములు. సుద్యుమ్నుడు ఇల యగుటకు అతడు ప్రవేశించిన వనమునకు గల నియమము కారణము. శాపమో, వరమో, వేషమో లేక ఈ కథలలో ఎవ్వరును వేఱుగా లేరు. మా తరగతిలో కూర్చుండు పిల్లవానికి శాపము లేదు, వరము లేదు. అతడట్లున్నాడు, అంతే. అతనికి పురాణము గౌరవము నీయగలదు గాని పోలిక నీయజాలదు.

ఆధునికకాలమున శాపము పోయి దురలవాటు కారణమైనది. 1924లో కలకత్తానుండి వెలువడుచుండిన 'మత్‌వాలా' హిందీ వారపత్రికలో పాండేయ బేచన్ శర్మ 'ఉగ్ర' 'చాక్లెట్' అను కథను ప్రకటించెను. యువకులు బాలురయెడ పెంచుకొను ఆసక్తిని గూర్చిన అట్టి కథలు 1927లో అదే పేరుతో సంపుటముగా వచ్చినవి. సంఘమును హెచ్చరించుటకే వ్రాసితినని ఉగ్ర వాదించెను. హెచ్చరికయే ఆకర్షణ యగునని బనారసీదాస్ చతుర్వేది ప్రభృతులు భయపడి, అట్టి రచనలకు 'ఘాస్‌లేటీ సాహిత్యము' అని పేరు పెట్టిరి. గాంధీగారు ఆ పుస్తకమును చదివి, రచయిత ఉద్దేశము శుద్ధమైనదే యని తలచిరి. ఈ విషయము పడమటినుండి నిన్న దిగుమతియైనదను మాటకు ఈ వాదమే చాలినంత సమాధానము. అయితే ఉభయపక్షములును ఒకయెడ ఏకీభవించినవి: ఆ బాలురకు ఏమి తోచెనో అడుగవలసిన పనిలేదని.

బాలకంఠము వినిపించినది 1942 నాటి ఇస్మత్ చుగ్తాయీ ఉర్దూకథ 'లిహాఫ్'లో. అందు చూచునదియు చెప్పునదియు ఒక బాలిక. రాత్రివేళ గోడమీద కదలాడు రజాయి నీడ ఆమెకు తెలియును. దాని అర్థము తెలియదు. లాహోరులో అశ్లీలాభియోగము నడచినప్పుడు కథలో అశ్లీలమైన మాట యొక్కటియు చూపలేకపోయిరి. పేరు లేకపోవుట రచయిత్రిని కాపాడినది. కథలోని బాలికకు మాత్రము భయమునే మిగిల్చినది.

కౌమారసాహిత్యము ప్రత్యేకశాఖగా ఎదిగిన అమెరికాలో ఈ పరిణామము స్పష్టముగా కనబడును. 1969లో జాన్ డోనవన్ వ్రాసిన 'ఐల్ గెట్ దేర్. ఇట్ బెటర్ బీ వర్త్ ద ట్రిప్' ఈ విషయమున తొలినవలగా పరిగణింపబడుచున్నది. అందు పదుమూడేండ్ల డేవీ తన స్నేహితుని ముద్దాడును. తరువాత అతని పెంపుడుకుక్క కారుక్రింద పడి చచ్చును. అది తనకు శిక్షయని బాలుడు తలపోయును. 1982లో నాన్సీ గార్డెన్ 'ఆనీ ఆన్ మై మైండ్'లో ఇద్దఱు బాలికలను వియోగము దాటించి మఱల కలిపినది. అయినను ఆ కథలో వెల చెల్లించినవారు లేకపోలేదు: ఇద్దఱు ఉపాధ్యాయినులు ఉద్యోగములు కోల్పోవుదురు. 1993లో కాన్సస్ సిటీలో ఈ పుస్తకప్రతిని దహించిరి. ఒక పాఠశాలామండలము గ్రంథాలయములనుండి తొలగించెను. 1995లో ఫెడరల్ న్యాయస్థానము దానిని తిరిగి చేర్పించినది. 2003 నాటి డేవిడ్ లెవితన్ 'బాయ్ మీట్స్ బాయ్'లోని ఊరిలో కథానాయకుని ఎవ్వరును కారణ మడుగరు. అట్టి ఊరు లేదని విమర్శింపవచ్చును. కాని లేని ఊళ్లను కట్టి చూపుట కథలకు క్రొత్తపని కాదు.

మన దేశమున ఈ దారి ఆలస్యముగా తెరచుకొన్నది. సచిన్ కుండల్కర్ మరాఠీనవల 'కోబాల్ట్ బ్లూ' 2006లోను, వసుధేంద్ర కన్నడకథల సంపుటి 'మోహనస్వామి' 2013లోను వచ్చినవి. ఇవి పెద్దల కొఱకు వ్రాసినవి. అయినను యౌవనారంభపు ఒంటరితనము వీనిలో నిండుగా కలదు. పిల్లల కొఱకే వ్రాసిన రెండు ఇంగ్లీషు నవలలు, హిమాంజలి శంకర్ 'టాకింగ్ ఆఫ్ ముస్కాన్', పాయల్ ధర్ 'స్లైట్లీ బర్న్ట్', 2014లో వెలువడినవి. 2009లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము సడలించిన 377వ సెక్షనును సర్వోన్నతన్యాయస్థానము 2013 డిసెంబరులో పునరుద్ధరించియుండెను. 2018 సెప్టెంబరు 6వ తేది తీర్పు ఇంకను రావలసియుండెను. చట్టము నేరమనుచుండగా ఆ రచయిత్రులు పిల్లలకై వ్రాసిరి. ఆ ధైర్యమును మన్నించుచునే ఒక విశేషమును గుర్తింపవలెను. మొదటి నవలలో ముస్కాన్ ఆత్మహత్యకు యత్నించును. ఆమె కథను మువ్వురు సహాధ్యాయులు చెప్పుదురు, ఆమె చెప్పదు. రెండవదానిలో సాహిల్ తన సంగతి వెల్లడించును. కథ చెప్పునది మాత్రము అతని స్నేహితురాలు కోమల్. ప్రక్కవాని బెంచీనుండి చూచుట సహానుభూతికి మేలైన దారియే. కాని అందు ప్రశ్న "ఇతనిని మేమేమి చేయవలెను?" అని యుండును, "నేనెట్లు బ్రతుకవలెను?" అనునది మిగిలిపోవును.

ఉత్తమపురుషలో కథ చెప్పుటకు తెలుగునకు సహజమైన సౌకర్యమొకటి కలదు. హిందీమాటలాడు పిల్లవాడు 'జాతా హూఁ' అనవలెను, పిల్ల 'జాతీ హూఁ' అనవలెను. నోరు తెఱచిన ప్రతిసారియు క్రియ లింగమును ప్రకటించును. తెలుగున 'వెళ్తాను' అని ఇద్దఱును అందురు. 'నేను', 'తాను', 'వారు' అను మాటలలో లింగసూచన లేదు. మహత్తు, అమహత్తు అని ప్రథమపురుషను విభజించిన మన వ్యాకరణము 'నేను' దగ్గఱ మౌనము వహించినది. హిందీవిద్యార్థులకు ఈ భేదమును ఏటేట బోధించుచు, ఇందొక నవలకు చాలినంత చోటున్నదని నేననుకొనుచుందును. తన్ను ఏ లింగముతో పిలువవలెనో ఇంకను తేల్చుకొనని పిల్ల, తెలుగున తన కథను ఆసాంతము చెప్పగలదు. హిందీలో తొలివాక్యముననే తేల్చుకొనవలసివచ్చును. పైని జెప్పిన యువకుడును తుదకు ఏ నామవాచకమును వెదకుకొనలేదట. "ఒకబ్బాయి మీద మనసుపడ్డానమ్మా" అని తల్లితో చెప్పెనట. ఆమె ఏమనెనో అతడు చెప్పలేదు, నేనడుగలేదు.

అతడు ప్రతిపాదించిన పరిశోధనాంశమును ఒక సంఘము 'మూలగ్రంథములు చాలవు' అని త్రిప్పిపంపెను. తెలుగు కౌమారసాహిత్యమే సన్ననిదైనప్పుడు ఆ మాటను పూర్తిగా త్రోసిపుచ్చలేము. కాని గ్రంథములు లేకపోవుట కూడ పరిశోధింపదగిన విషయమే. ఎవరు వ్రాయలేదు, ఏ ప్రచురణకర్త వెనుకాడెను, ఏ పాఠశాలాగ్రంథాలయము కొనలేదు అని అడుగుట సాహిత్యచరిత్రలో భాగము. తమిళనాడు ప్రభుత్వము 2022 ఆగస్టులో 'తిరునర్', 'పాల్ పుదుమైయర్' మొదలగు పదములను రాజపత్రమున ప్రకటించినది. పదములకు ప్రభుత్వము పూనుకొనవచ్చును. వానికి ప్రాణము పోయుట కథకుల పని.

ఇక దుఃఖాంతములు వలదా యని ప్రశ్నింపవచ్చును. వలదనను. క్వీర్ బాలబాలికల జీవితములలో దుఃఖము కలదు. దానిని దాచుట అసత్యము. అయితే కథలో మరణము సంభవించుట వేఱు, మరణమే సమాధానముగా నిలుచుట వేఱు. శాపము, వ్యసనము, శిక్ష అను కారణములలో ఏదో యొకటి చూపనిదే పాత్రను లోనికి రానీయని అలవాటు మన భాషలన్నిటను కలదు. ఆ అలవాటును విడిచి, పిల్లవానికి పరీక్షలభయము, స్నేహితులతో తగవు, సినిమాపిచ్చి, వలపు అన్నియు సమానముగా నిచ్చిన కథ ఏ భాషలో ఎన్నడు తొలిసారి వచ్చెనో భారతీయభాషాపండితులు ఎవరి భాషలో వారు వెదకి నమోదు చేయుదురు గాక. తెలుగుపక్షమున ఆ పట్టిక మిక్కిలి చిన్నది. దానిని నింపుటకు వలసిన వ్యాకరణము మనకున్నది. వ్రాయువారును, అచ్చువేయువారును, పిల్లల చేతికిచ్చువారును కావలసియున్నారు.