పలక చుట్టూ రంగులు: మార్కాపురం, గిద్దలూరు సీమ

తెలుగునాట ఇప్పుడు నలభై దాటినవాళ్లలో ఎంతోమంది తొలి అక్షరం దిద్దింది మార్కాపురం రాయి మీద. తడిగుడ్డతో తుడిస్తే నల్లగా నిగనిగలాడే రాతి పలక, దాని చుట్టూ నాలుగు కర్ర పట్టీలు, మూలలు కదలకుండా రేకు ముక్కలు. ఆ పలకలు ఇక్కడి నుంచి ఊరూరికీ వెళ్లాయి. మార్కాపురాన్ని ‘పలకల పట్టణం’ అనేది అందుకే. రాయి గురించి చెప్పినవాళ్లున్నారు. దాని చుట్టూ ఉన్న చెక్క గురించి, ఆ చెక్క మీద పడే రంగు గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. నాకు ఈ సీమలో అన్నిటికంటే ఇష్టమైనది అదే కాబట్టి ఈ పరిచయంలో దానికే ఎక్కువ చోటిస్తాను.

నేల, నీరు

పడమట నల్లమల, దక్షిణాన వెలిగొండలు, నడుమ గుండ్లకమ్మ. ఒకప్పటి పడమటి ప్రకాశం అంటే స్థూలంగా ఇదీ. మార్కాపురం, కంభం, గిద్దలూరు, బేస్తవారిపేట, తర్లుపాడు, పెద్దదోర్నాల, యర్రగొండపాలెం, త్రిపురాంతకం ఈ నేల మీది ఊళ్లు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం దగ్గర చెరువై నిలిచి, మళ్లీ ఏరై తూర్పు సముద్రం వైపు పోతుంది. గిద్దలూరు వైపు నీళ్లు సగిలేరులో కలిసి పెన్నకు చేరతాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. బోరునీళ్లలో ఫ్లోరైడు బాధ చాలా పల్లెలకు తెలుసు. నల్లమల కింద సొరంగాలు తొలిచి కృష్ణ నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. దానికోసం జీవితమంతా పోరాడిన పూల సుబ్బయ్య పేరే దానికి పెట్టారు.

ఈ తాలూకాలు ఒకప్పుడు కర్నూలు జిల్లావి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. నా చిన్నతనం గడిచిన పొదిలి నెల్లూరు నుంచి వచ్చింది, అద్దంకి గుంటూరు నుంచి వచ్చింది. అందుకే ఒకే జిల్లాలో పుట్టి పెరిగినా మార్కాపురం సంతలో వినబడే సీమ యాస నాకు ఎప్పుడూ పక్కింటి మాటలాగే ఉంటుంది.

రాయి

నల్లమల శ్రేణిలోని ఒక రాతి పొరకు భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరే పెట్టారు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన బురద, కొండల బరువుకింద నలిగి, గట్టిపడి పలకరాయి అయింది. పొరలు పొరలుగా విడిపోవడం దాని గుణం. గనిలోంచి తీసిన దిమ్మ అంచున సన్నని ఉలి పెట్టి సుత్తితో మెల్లగా తడితే పొర లేస్తుంది. ఎక్కడ తట్టాలో, ఎంత బలంతో తట్టాలో చేతికి తెలియాలి. తొందరపడితే పొర అడ్డంగా విరుగుతుంది. విడిన పొరను కొలతకు కోసి, రెండు వైపులా నున్నగా అరగదీసి, గాడి తీసిన కర్ర పట్టీల్లో బిగిస్తే పలక.

ఈ పనిలో దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లల చేతులు కూడా ఒకప్పుడు ఇందులోనే నలిగాయి. 1987 జాతీయ బాల కార్మిక విధానం వచ్చాక, పిల్లలను పని మాన్పించి బడికి పంపేందుకు దేశంలో మొట్టమొదట ఎంచుకున్న చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. పక్క ఊరి పిల్లలు రాసుకోవడానికి ఇక్కడి పిల్లలు పలకలు చేశారన్న సంగతి తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

తరువాత రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. నోటు పుస్తకాలు చవకయ్యాయి. రాతి పలకకు గిరాకీ పడిపోయింది. గనులవాళ్లు ఇంటి గోడలకు, నేలకు పరిచే డిజైన్ పలకల వైపు మళ్లారు. అవి విదేశాలకు కూడా ఎగుమతి అవుతున్నాయి. కానీ రాతపలక పూర్తిగా పోలేదు. అక్షరాభ్యాసం ఉన్నంతకాలం అది ఉంటుంది.

చెక్క, రంగు

ఇప్పుడు అక్షరాభ్యాసానికి మామూలు పలక చాలడం లేదు. ఫ్రేముకు పసుపో ఎరుపో పూసి, నాలుగు వైపులా మామిడాకులు, తామరలు, చిలకలు వేయించి, పైపట్టీ మీద పిల్ల పేరు రాయించుకుంటున్నారు. పెళ్లిపీటలూ అంతే. ఒకప్పుడు పీటకు పసుపు రాసి, బియ్యప్పిండితో ముగ్గేసి, కుంకుమ బొట్లు పెట్టేవారు. పెళ్లయ్యాక కడిగేస్తే చెక్క మళ్లీ చెక్కే. ఇప్పుడు ఆ ముగ్గునే అక్రిలిక్ రంగుల్లో శాశ్వతంగా వేస్తున్నారు. రోలు, రోకలి, తొట్టిల పట్టీలు, కోలాటం కర్రలు, గడప పక్కన పెట్టే చెక్క బొమ్మలు, అన్నీ రంగు పూసుకుంటున్నాయి.

దీన్ని కొత్త వేలంవెర్రి అని తోసేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. చెక్కకు రంగు వేయడం ఈ నేలకు కొత్త కాదు. మార్కాపురం లక్ష్మీచెన్నకేశవ స్వామికి చైత్రంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఊళ్లో దేవుడు ఊరేగే వాహనాలంటే ఏమిటి? హంస, సింహం, శేషుడు, గరుడుడు, ఏనుగు, గుర్రం: చెక్కి, నునుపు చేసి, రంగు పూసిన కర్రే కదా. లోహపు తొడుగు లేని వాహనానికి రంగే ఒళ్లు. ఎండకు, వానకు, మోసేవాళ్ల భుజాలకు ఆ రంగు రాలుతుంది. మళ్లీ ఉత్సవం వచ్చేలోపు మళ్లీ వేస్తారు. గరుడుడి రెక్క మీది పచ్చ ఎవరు వేశారో ఎవరూ రాసిపెట్టరు. కర్ర తాతల నాటిది, రంగు నిన్నటిది. రెండూ కలిస్తేనే వాహనం. ఇంత సహజంగా రంగును కొత్తచేసుకునే సంప్రదాయం ఉన్నచోట అక్రిలిక్ డబ్బా పరాయిది ఎలా అవుతుంది?

తెలుగు నేల మీద చెక్కబొమ్మల కుటుంబం పెద్దది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నం పూత మీద రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతుండగానే లక్క పూస్తారు. ఆ లక్కలో సహజ రంగులను మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. వెలిగొండలకు అవతల ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కుతారు. వాటికి రంగు ఉండదు, ఉండకూడదు కూడా, తిండిని తాకే వస్తువులు కాబట్టి. పీటకు, పలకకు అక్రిలిక్ వేసేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి. మన దగ్గరే కాదు, నార్వే పల్లెల్లో కూడా పద్దెనిమిదో శతాబ్దంలోనే పెళ్లికూతురి పెట్టెలకు, అలమరలకు తీగలు, పువ్వులు వేసేవారు. వాడుకునే చెక్కను అందంగా చేసుకోవాలన్న కోరిక ఎక్కడైనా ఒకటే.

అక్రిలిక్ వచ్చింది 1950ల నడుమ, అమెరికాలో. రంగుపొడిని నీళ్లలో తేలే అక్రిలిక్ జిగురుతో కలిపితే ఈ రంగు తయారవుతుంది. తడిగా ఉన్నంతసేపు నీళ్లతో పలుచన అవుతుంది. ఒకసారి ఆరిందా, ఇక నీళ్లకు కరగదు. ఎనామిల్ రంగు ఆరడానికి గంటలు పడుతుంది, వాసన తల తిప్పుతుంది. ఇది నిమిషాల్లో ఆరిపోతుంది. ఇంట్లో, పిల్లల పక్కన కూర్చుని వేసుకోవచ్చు. ఆడవాళ్ల చేతుల్లోకి ఈ పని ఇంత త్వరగా రావడానికి కారణం అదేనని నాకనిపిస్తుంది.

“రంగు కనపడేది ఆఖరున అమ్మా, పనంతా దానికి ముందే” అన్నాడు నాకు తెలిసిన ఒక పెద్ద వడ్రంగి. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. పలక ఫ్రేమును తీసుకోండి. ముందు ఉప్పు కాగితంతో కర్ర పోగు వెంబడి రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు రంగు కిందనుంచి కూడా కనిపిస్తాయి. మూల అతుకుల్లో సందులుంటే రంపపుపొట్టు, జిగురు కలిపి పూడ్చాలి. రాతి మీద రంగు పడకుండా అంచు వెంబడి టేపు అంటించాలి, రంగు పడిన రాయి మీద బలపం పలకదు. ప్రైమరు ఒక పూత. అది ఆరాక మళ్లీ ఒకసారి మెత్తని కాగితం. ఆ తరువాత నేల రంగు పలచగా రెండు పూతలు. చిక్కగా ఒకేసారి పూస్తే కుంచె చారలు మిగులుతాయి. వెనకవైపు కూడా పూయాలి. ఒక పక్కే పూసిన చెక్క వానాకాలం తేమ పీల్చి వంగుతుంది.

అప్పుడు నమూనా. సుద్దతో లీలగా గీసుకుని, పెద్ద ఆకారాలు ముందు, లోపలి గీతలు తరువాత, చుక్కలు చివర. చుక్కలకు కుంచె వెనకకొన చాలు. ముగ్గు పెట్టే చేతికి చుక్కల వరస నేర్పక్కర్లేదు, ఎడం సమంగా అదే వస్తుంది. తీగ వంపు కూడా అంతే. మెలికల ముగ్గు తిప్పిన మణికట్టు కుంచెతో ఆకును ఒక్క ఒత్తుతో వేస్తుంది: కొన ఆనించి, పొట్ట నొక్కి, మళ్లీ కొనకు లేపాలి.

ఈ సీమ ఎండలో అక్రిలిక్‌తో పని కొంచెం వేరు. మధ్యాహ్నం పళ్లెంలో పోసిన రంగు కుంచె ముంచేలోపు తోలు కడుతుంది. అందుకని వేసవిలో పొద్దున్నే వేస్తారు, పళ్లెంలో తడిగుడ్డ పరిచి దాని మీద రంగు పెట్టుకుంటారు. రోహిణి కార్తె వేడికి ఆరిన అక్రిలిక్ కూడా కాస్త మెత్తబడుతుంది. రంగు వేసిన పలకలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే అతుక్కుంటాయి, నడుమ మైనపు కాగితం ఉండాలి. పీటలకైతే వార్నీషు తప్పనిసరి. పసుపునీళ్లు, నలుగునూనె రంగులోకి దిగితే మళ్లీ పోవు. పాత ఎనామిల్ ఉన్న వస్తువు మీద నేరుగా అక్రిలిక్ వేస్తే పొట్టులా లేచిపోతుంది. పాత రంగును బాగా రుద్ది గరుకు చేశాకే కొత్తది నిలుస్తుంది.

ఇక నమూనాలు. చెన్నకేశవ స్వామి గుడిలో విజయనగర కాలపు స్తంభాలున్నాయి. ఆ కాలపు గుళ్లలో హంసల బారులు, తీగల మెలికలు, యాళులు రాతిలో కనిపిస్తాయి. అన్నీ సన్నని పట్టీలో ఇమిడేలా చెక్కినవే. పలక ఫ్రేము కూడా సన్నని పట్టీయే. ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన నెమలిని దించుకోవడం కంటే ఈ హంసల బారును వేయడం తేలిక, అందం కూడా. నల్లమల ఇచ్చేవి ఇంకా ఉన్నాయి: ఇప్పపువ్వు, మోదుగ, వెదురుపొద, కంభం చెరువు మీద వాలే కొంగలు. వీటిని ఏ ఊరి పలక మీద చూసినా ఇది మార్కాపురం పని అని తెలిసిపోవాలి.

నా మనసులోని మాట ఇదే. రాయి ఇక్కడి నుంచి వెళ్తోంది. రంగు ఎక్కువగా పెద్ద నగరాల్లో పడుతోంది, ధర పెరిగేది కూడా అక్కడే. రాయి కొట్టే చేయి, కర్ర కోసే చేయి, ముగ్గు పెట్టే చేయి ఇదే ఊళ్లో ఉన్నాయి. దుమ్ము లేని, ఇంటిపట్టున చేసుకోగల ఈ పని డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు నేర్పితే పలక ధరలో పెద్దవాటా ఇక్కడే మిగులుతుంది.

కంభం, గిద్దలూరు

కంభం చెరువు విజయనగర కాలం నాటిది. దీన్ని రాకుమార్తె వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మను ఆపిన కట్ట ఇది. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. నిండిన ఏడాది కట్ట మీద నిలబడితే కళ్లు చాలవు.

గిద్దలూరు నల్లమలకు ఒక వాకిలి. ఇక్కడి నుంచి రైలు దిగువమెట్ట దాటి అడవిలోకి ఎక్కి, నంద్యాల వైపు దిగుతుంది. దగ్గర్లోని సత్యవోలులో చాళుక్యుల నాటి రామలింగేశ్వరాలయం ఉంది. అడవిలో గుండ్లకమ్మ ఒడ్డున నెమలిగుండ్ల రంగనాయకస్వామి ఉన్నాడు. చెంచులు ఈ అడవి మనుషులు. తేనె, వెదురు పని వాళ్లవి.

మరికొన్ని

త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. అక్కడి బాలా త్రిపురసుందరిని చూడకుండా ఎవరూ తిరిగిరారు. పెద్దదోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు రోడ్డు మొదలవుతుంది. కనిగిరి వైపు వెళ్లేవాళ్లు భైరవకోన గుహాలయాలు చూడొచ్చు. గుంటూరు–నంద్యాల మార్గంలో మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లున్నాయి. చలికాలం రావడం మేలు.

వచ్చినవాళ్లు ఒక రాతి పలక కొనండి. మీ ఇంట్లో అక్షరాభ్యాసం ఉంటే ప్లాస్టిక్‌ది వద్దు. ఫ్రేముకు రంగు ఈ ఊళ్లోనే వేయించగలిగితే వేయించండి, వేసేవాళ్లు దొరకకపోతే అడగండి. నలుగురు అడిగిన చోట పని పుడుతుంది.