అయిదు వాక్యాలు

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. ధౌలా కువాన్‌కు రాకముందే మూడు ఊళ్లు మారాం. మారిన ప్రతిసారీ ‘నో డ్యూస్’ సంతకం కోసం లైబ్రరీ పుస్తకం తిరిగి ఇచ్చేయాలి, కథ సగంలో ఉన్నా సరే. అందుకే ఈ ఏడాది లైబ్రరీ మేడమ్ "చిన్న క్లాసుల పిల్లలకోసం తలా ఒక వెబ్‌సైట్ గురించి అయిదు వాక్యాలు రాయండి, నోటీసు బోర్డులో పెడదాం" అనగానే నాకు హుషారు వచ్చింది. వెబ్‌సైట్‌ను ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేదు కదా!

నేను స్టోరీవీవర్ ఎంచుకున్నాను. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టారు. బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు. "ఇది చాలా మంచి వెబ్‌సైట్. చాలా ఉపయోగకరం. అందరూ తప్పక చూడాలి" అని మొదలుపెట్టి రాసి ఇచ్చాను. మేడమ్ చదివి, "ఈ మూడు వాక్యాలూ రైళ్ల టైమ్ టేబుల్ వెబ్‌సైట్‌కి కూడా సరిపోతాయి" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది గానీ, ఆవిడ అన్నది నిజమే.

ఆ సాయంత్రం మా చెల్లికి అమ్మ ఫోన్ ఇచ్చి పక్కన కూర్చున్నాను. అది రెండో తరగతి. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది గానీ, ఒత్తు కనబడితే ఆగిపోతుంది. నేనేమీ చెప్పలేదు. ముందు ఒక పెద్ద కథ తెరిచింది, పేజీ నిండా అక్షరాలు చూసి మూసేసింది. అక్కడ కథలకు స్థాయిలుంటాయి. ఒకటో స్థాయిలో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే. అది చూపించాను. అదే కథ హిందీలోనూ ఉందని తనే కనిపెట్టింది. ముందు హిందీలో గబగబా చదివేసి, కథ తెలిశాక తెలుగులో కూడబలుక్కుంది. ఈ ఉపాయం నాకెప్పుడూ తట్టలేదు! రాత్రి విజయనగరంలో ఉన్న అమ్మమ్మకు ఫోన్‌లో చదివి వినిపించింది. "ఇంకోసారి చదవవే" అంది అమ్మమ్మ.

మళ్లీ రాశాను: "ముందు ఒకటో స్థాయి కథ తెరవండి. మీకు బాగా వచ్చిన భాషలో చదవండి. తర్వాత అదే కథ మీ ఇంటి భాషలో వెతకండి. కష్టమైన చోట బొమ్మ చూడండి. చదివాక ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేయండి."

బోర్డు మీద పెట్టిన రోజే మూడో తరగతి అబ్బాయి ఒకడు వచ్చి, "భయ్యా, ఒడియా కూడా ఉందా?" అని అడిగాడు. నేను చూడనేలేదు. ఇంటికెళ్లి చూస్తే ఉంది. ఆరో వాక్యం రాస్తానంటే మేడమ్ ఒప్పుకున్నారు.