గుప్పెడు తోటకూర గింజలు



మందిరం వెనుక ఉన్న రెండు సెంట్ల ఖాళీ స్థలంలో ఈ చలికాలం మేమిద్దరం ఆకుకూరలు వేశాము. తోటకూర, గోంగూర, పాలకూర, మెంతికూర, దడి పక్కన ఒక బచ్చలి తీగ. కూరల ఖర్చు తగ్గుతుంది, మిగిలింది నలుగురికీ ఇవ్వవచ్చు అనుకున్నాము. దాచేదేముంది, మాకు ఆ పని తెలియదు.

మొదటి విడత తోటకూర మమ్మల్ని సిగ్గుపరచింది. ఆవగింజకన్నా చిన్నవైన ఆ నల్లటి గింజలను గుప్పెళ్లతో చల్లి, బిందెతో నీళ్లు కుమ్మరించాము. గింజలన్నీ కొట్టుకుపోయి ఒక మూలకు చేరాయి. అక్కడ గడ్డిలా ఒత్తుగా మొలిచాయి, మిగతా మడి బోడిగా ఉండిపోయింది. మొలిచినవి కూడా సన్నగా, పాలిపోయి ఉన్నాయి.

ఆ రోజుల్లోనే మా మనసులో మరో భారం ఉంది. మన సంఘంలో ఒక పెద్దమ్మ, భర్త చనిపోయిన తరువాత ఆరాధనకు రావడం మానేశారు. (పేరు రాయవద్దన్నారు, సంగతి రాసుకోమన్నారు.) మేము మూడుసార్లు వెళ్లాము. ప్రార్థన చేశాము, ఓదార్పు మాటలు చెప్పాము, ఒకసారి బియ్యం కూడా తీసుకెళ్లాము. ఆమె తలుపు దగ్గరే నిలబడి "సరే అయ్యగారూ" అనేవారు. అంతే.

నాలుగోసారి చెప్పడానికి మాటలు లేక, "పెద్దమ్మా, మా తోటకూర ఎదగడం లేదు. ఒకసారి వచ్చి చూస్తారా?" అని అడిగాము. ఒకప్పుడు ఆమె ఆకుకూరలు పండించి, గంపలో పెట్టుకొని ఊరంతా తిరిగి అమ్మినవారే. అది మాకు తెలుసు. ఎన్నడూ దాని గురించి అడగలేదు.

మరునాడు పొద్దున్నే వచ్చారు. మడి చూసి నవ్వారు. ఆమె నవ్వు చూసి ఎన్ని నెలలైందో! "ఇట్లా చల్లితే ఎట్లా అయ్యగారూ? ఒకదాని కూడు ఇంకొకటి తింటాది" అంటూ ఒత్తుగా ఉన్నచోట పీకేసి, బెత్తెడుకొకటి మిగిల్చారు. మాకు ప్రాణం ఒప్పలేదు. ఆమె మాత్రం పీకిన లేత మొక్కల వేర్లు తుంచి, "పప్పులో వేయండమ్మగారూ" అని చేతిలో పెట్టారు. ఒక్కటీ వృథా కాలేదు.

రెండోసారి గింజలకు నాలుగంతలు పొడి ఇసుక కలిపి చల్లించారు. పైన పలుచగా మట్టి, చేత్తో చిలకరించిన నీళ్లు. వారం తిరగకుండా మడి అంతా సమంగా మొలిచింది. నెల రోజులకు కోతకొచ్చింది. వేర్లతో లాగకుండా, కింద రెండు మూడు కణుపులు వదిలి కోయమన్నారు. అక్కడ పక్క కొమ్మలు వస్తాయి. గోంగూరకూ తల తుంచితేనే గుబురవుతుంది. మెంతులు రాత్రి నానబెట్టి చల్లాలి. బచ్చలికి గింజ అక్కరలేదు, ముదురు కాడ ముక్క గుచ్చితే చాలు.

ఇప్పుడు ఆమె రోజూ మడుల దగ్గరకు వస్తారు. ఆదివారం ఆరాధనలోనూ కూర్చుంటున్నారు. మేము పిలవలేదు. "నీళ్లు పెట్టడానికి ఎట్లాగూ ఇక్కడే ఉన్నా గదా" అన్నారు. పోయిన ఆదివారం కూర కట్టలు కట్టి తన చేతులతోనే అందరికీ పంచారు.

ప్రియులారా, దుఃఖంలో ఉన్నవారి ఇంటికి ఏమి తీసుకెళ్లాలా అని మేము ఎప్పుడూ ఆలోచించేవాళ్లం. వారి దగ్గర ఏముందో అడగాలని తోచలేదు. మీ వీధిలో తలుపు వేసుకొని ఉన్నవారు ఉంటే, ఈ వారం వెళ్లి ఒక సాయం అడగండి. మీకు నిజంగా అవసరమైనదే అడగండి.

రెండు తోటకూర మొక్కలను విత్తనానికి వదిలాము. గింజలు కావలసినవారు పెద్దమ్మను అడగండి.