తొంభై అయిదు చాలు

మైపాడు సహోదరికి ఏడో నెలలోనే బిడ్డ పుట్టాడు. నెల్లూరు ఆసుపత్రిలో అద్దం బయట నిలబడి, తెరమీద ఆక్సిజన్ అంకె 100 కావాలని ప్రార్థించాను.

"అయ్యగారూ, ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు 90 నుంచి 95 చాలు. ఎక్కువైతే కళ్ళు దెబ్బతింటాయి" అన్నారు డాక్టరమ్మ. సిగ్గుపడ్డాను.

ఆ మోతాదును క్షణక్షణం తానే సవరించే యంత్రాలు వచ్చాయట. గొట్టం ఎప్పుడు తీయొచ్చో కృత్రిమ మేధతో అంచనా కట్టే పరిశోధనలూ జరుగుతున్నాయట. ఇక్కడ మాత్రం నర్సమ్మే రాత్రంతా మేలుకొని మోతాదు మారుస్తోంది.

"అట్టాంటి యంత్రాన్ని నమ్మొచ్చా అయ్యగారూ?" అన్నాడు తండ్రి. జీవవాయువు ఊదినది దేవుడే (ఆదికాండము 2:7). ఎంత చాలో నాకే తెలియలేదు గదా! "నర్సమ్మకు తోడుగా ఉంటే మంచిదే నాయనా, గొట్టం తీసే మాట మాత్రం డాక్టరమ్మే చెప్పాలి" అన్నాను.

ఇంకా తీయలేదు. ప్రార్థించండి.