పనిముట్ల పెట్టె మీద గూడు

ఈ పోస్టు పంట గురించి కాదు, మందుల గురించీ కాదు. షెడ్డులో మూలనుండే పనిముట్ల పెట్టె గురించి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

ముందు ఓ చిన్న లెక్క. పొలానికి పగలు వచ్చే కరెంటు 9 గంటలు. మోటారు గ్లాండు దగ్గర నీళ్ళు చిమ్ముతున్నాయనుకోండి. చేయాల్సిన పని ఎంత? రెండు నట్లూ సమానంగా, కొంచెం కొంచెంగా బిగించాలి. పూర్తిగా బిగించేస్తే షాఫ్టు వేడెక్కి తాడు మాడిపోతుంది, అందుకని చుక్క చుక్కగా కారేంత వదులు ఉంచాలి. అంతే, పది నిమిషాల పని. కానీ ఆ నట్టుకి పట్టే పానా దొరకడానికి ముప్పావు గంట. ఒకటి ట్రాక్టరు సీటు కింద, ఒకటి గోతాంలో, ఒకటి పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళారు. వరి పొట్ట మీదున్నప్పుడు ఆ ముప్పావు గంట విలువ మీకు నేను చెప్పక్కర్లేదు.

మాకు నాలుగు డ్రాయర్ల ఇనప పెట్టె ఒకటుంది. టౌన్లో ఓ మెకానిక్ షెడ్డు ఎత్తేస్తుంటే నాన్న సెకండ్ హ్యాండులో కొన్నారు. పొడవు 42 అంగుళాలు, లోతు 18, ఎత్తు 34. ట్రాక్టరు, మోటారు, స్ప్రేయరు ఏది ఆగినా బయటి మనిషిని పిలిచే అలవాటు మా ఇంట్లో లేదు. అన్నీ ఆయనే చూసుకునేవారు. ఏ డ్రాయర్లో ఏముందో చీకట్లో కూడా చెప్పేవారు.

రెండేళ్ళ కిందట నాన్నకి పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల మాట వచ్చింది, నడక వచ్చింది. కుడి చెయ్యి మాత్రం గుండె ఎత్తుకు మించి లేవదు, వేళ్ళకి పట్టు తక్కువ. ఎడమ చెయ్యి బాగానే ఉంది. వంగితే కళ్ళు తిరుగుతాయి. సామాను నిండిన డ్రాయరు ఒంటి చేత్తో లాగడం ఆయన వల్ల కాదు. రెండు మూడుసార్లు ప్రయత్నించి మానేశారు. ఆ తర్వాత షెడ్డు వైపు వెళ్ళడమే మానేశారు. అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేవారు. మాట వచ్చిన మనిషి మాట్లాడటం తగ్గించేశారు. మా అమ్మకి అదే బెంగ. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ఓ మాట అంది: "బంతి నొక్కించడం సరే, ఆయన చేతికి అలవాటైన పని ఏదైనా ఉంటే అది చేయనివ్వండి" అని.

ఆ మాట విన్నాకే పెట్టె మీద గూడు కట్టించాలన్న ఆలోచన వచ్చింది. గూడు అంటే పెద్దగా ఏం లేదండీ. పెట్టె పైభాగం మీద కూర్చునే అరల స్టాండు. డ్రాయర్లలో పడుండే వస్తువుల్లో రోజూ వాడేవి కళ్ళ ముందుకి, చేతి ఎత్తుకి తేవడం.

మా ఊరి ఆచారి గారు టేపు పట్టుకుని వచ్చారు. నేను పెట్టె చూపిస్తుంటే ఆయన నాన్న దగ్గరికి వెళ్ళారు. "పెట్టె ఎక్కడికీ పోదు బాబూ, ముందు మనిషి కొలత కావాలి" అన్నారు. నాన్నని పెట్టె ముందు నిలబెట్టి, కుడి చెయ్యి ఎంత లేస్తే అంత ఎత్తమన్నారు. నేల నుంచి 46 అంగుళాలు. ఎడమ చెయ్యి ఇబ్బంది లేకుండా 68 దాకా వెళ్ళింది. గోడ మీద బొగ్గుతో రెండు గీతలు గీశారు. మొత్తం గూడు ఆ రెండు గీతల మీద కట్టిందే.

ఇక చేసిన విధానం చెప్తాను, పనికొచ్చినవాళ్ళు రాసుకోండి.

కర్ర: గాలివానకి పడిన మా వేపచెట్టుని మిల్లులో కోయించి, రెండేళ్ళు నీడలో ఆరబెట్టాం. వేపకి చెదలు అంత తొందరగా పట్టవు. పక్కలకీ అరలకీ అంగుళం మందం, 9 అంగుళాల వెడల్పు చెక్కలు వాడాం. పెట్టె లోతు 18 కాబట్టి ముందు ఇంకో 9 అంగుళాలు ఖాళీగా మిగులుతుంది. విప్పిన సామాను పెట్టుకోవడానికి ఆ చోటు కావాలి.

మధ్య పలక: గూడు పొడవు 42, ఎత్తు 36. అంత పొడుగు అర మీద ఇనుము పెడితే కొన్నాళ్ళకి చెక్క మధ్యలో కుంగుతుంది. అందుకే మధ్యలో నిలువు పలక వేసి రెండు గదులు చేశారు.

వెనక: 12 మి.మీ. ప్లైవుడ్డు. షెడ్డులో వానాకాలం తేమ ఉంటుంది కనుక మామూలు కమర్షియల్ రకం కాకుండా నీళ్ళకి తట్టుకునే 710 నంబరు ఐఎస్ఐ మార్కు ఉన్నది తీసుకున్నాం. గోడకి ఆనకుండా వెనక అర అంగుళం గాలి వదిలాం.

గోడకి పట్టు: ఇది మర్చిపోవద్దు. బరువైన డ్రాయర్లు రెండు ఒకేసారి బయటికి లాగితే పెట్టె ముందుకి తూలుతుంది. పైన గూడు కూడా ఉంటే మనిషి మీద పడుతుంది. ఆచారి గారు ఓ బద్దని 45 డిగ్రీల ఏటవాలులో నిలువునా చీల్చి, ఒక సగం గిట్టలు కొట్టి గోడకి, ఇంకో సగం గూడు వెనక బిగించారు. ఒకదాని మీద ఒకటి తగిలిస్తే కొక్కెంలా పట్టుకుంటుంది, బరువు పెరిగేకొద్దీ ఇంకా గోడకి అతుక్కుంటుంది. కింద పెట్టెతో కూడా రెండు బోల్టులు వేశారు.

పానాలు: మేకులకి వేలాడదీయలేదు. మేకు నుంచి తీయడానికి గురి కుదరాలి, చెయ్యి వణికితే కుదరదు. మందపాటి బద్దలో రంపంతో గాట్లు కోసి, పానాలు ఆ గాట్లలో నిలబెట్టాం. పైకి లాగితే వస్తుంది, వదిలితే కూర్చుంటుంది. మన దగ్గర ఎక్కువ వాడేవి 10, 13, 17, 19. అంటే 6, 8, 10, 12 మి.మీ. బోల్టులకి పట్టేవి. ఈ నాలుగూ 46 గీత కిందే ఉన్నాయి. నంబర్లు కనపడట్లేదని నాన్న అంటే నాలుగింటికీ నాలుగు రంగులు వేశాం, గాటు పక్కన కూడా అదే రంగు. చదువు రాని కూలీలు కూడా ఇప్పుడు తీసినచోటే పెడుతున్నారు.

సుత్తి, కటింగ్ ప్లేయరు, పైపు పానా లాంటివాటికి వెనక ప్లైవుడ్డు మీద వాటి ఆకారం పసుపు పెయింటుతో గీశాం. వస్తువు లేకపోతే ఖాళీ బొమ్మ కనిపిస్తుంది. సాయంత్రం ఒక్క చూపులో ఏది పొలంలో ఉండిపోయిందో తెలిసిపోతుంది.

సీసాలు: నట్లు, వాషర్లకి పచ్చడి ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుని, మూతల్ని అర కింద స్క్రూలతో బిగించాం. డబ్బా తిప్పితే ఊడివస్తుంది, తిప్పితే పడుతుంది. ఒక చెయ్యి చాలు. ఈ ఉపాయం నాన్నదే.

తలుపులు పెట్టలేదు. తలుపు ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తీయాలి కదా. వైసు కూడా పెట్టెకి బిగించలేదు, అదిరిపోతుంది. పక్కన వేప మొద్దు ఒకటి భూమిలో పాతి దానికి బిగించాం. నాన్నకి అదే రెండో చెయ్యి.

పురుగుమందు డబ్బాలు ఈ గూటి దరిదాపుల్లోకి రానివ్వొద్దు. అవి వేరే చోట, తాళంలో, పిల్లలకి అందకుండా ఉండాలి. ఎరువుల బస్తాలు కూడా దూరంగా పెట్టండి. పొటాషు, యూరియా తేమ లాగుతాయి, ఇనుము తుప్పు పడుతుంది.

కర్ర మాదే కాబట్టి ప్లైవుడ్డు, స్క్రూలు, పెయింటు, ఆచారి గారి కూలి అన్నీ కలిపి ఆరు వేలు దాటలేదు.

మొన్న దాళ్వాలో ఓ రోజు నేను బ్యాంకు పని మీద టౌన్‌కి వెళ్ళాను. మోటారు గ్లాండు నీళ్ళు చిమ్ముతోందని మా ఆవిడ ఫోను చేసింది. నేను వచ్చేసరికి ఎంత లేదన్నా రెండు గంటలు. మళ్ళీ చేస్తే ఫోను ఎత్తలేదు. కంగారుపడుతూ వచ్చేసరికి బోదెలో నీళ్ళు పారుతున్నాయి. మావయ్యగారే గూటిలోంచి ఎర్ర రంగు పానా తీసుకుని నడిచి వచ్చారట. ఆయన ఎడమ చేత్తో బిగిస్తుంటే తను బోల్టు పట్టుకుందట. నాన్న గట్టు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "ఒరేయ్, గ్లాండు తాడు అరిగిపోయింది, ఈసారి వెళ్ళినప్పుడు రెండు మూరలు పట్రా" అన్నారు. ఇంకేం అనలేదు. మా ఆవిడ మాత్రం కళ్ళు తుడుచుకుంది.

చెయ్యి నయమైపోయిందని నేను చెప్పట్లేదు. కుడి చెయ్యి ఇప్పటికీ ఆ 46 గీత దగ్గరే ఆగుతోంది. మందులు వాడుతూనే ఉన్నారు. కానీ పొద్దున్నే కాఫీ తాగి షెడ్డులోకి వెళ్తున్నారు. చుట్టుపక్కల కుర్రాళ్ళు స్ప్రేయర్లు పట్టుకొస్తున్నారు, వాళ్ళ మీద కేకలేస్తున్నారు. ఆ కేకలు వింటే మా అమ్మకి హాయిగా ఉందట.

వ్యవసాయంలో వయసు పైబడిన మనిషిని మనం ప్రేమతోనే పక్కన కూర్చోబెడతాం, "నీకెందుకు, మేం చూసుకుంటాంలే" అంటాం. ఆ మాట వాళ్ళకి ఎలా వినిపిస్తుందో ఆలోచించం. కొన్నిసార్లు పోయింది వాళ్ళ పనితనం కాదు, వస్తువు వాళ్ళ చేతికి అందకపోవడం, అంతే.

పైన చెప్పిన కొలతలు మా నాన్నవి. మీరు కట్టించుకుంటే మీ ఇంటి మనిషిని నిలబెట్టి కొలవండి. ఇంతకన్నా మంచి ఉపాయాలు మీ దగ్గరుంటే చెప్పండి, నాన్నకి చదివి వినిపిస్తాను. పై అరలో ఇంకా కాస్త చోటుంది.