మావయ్య రోడ్‌కింగ్

బావా,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. సీటు పొట్టి చేసి, హ్యాండిల్ కిందికి దించి, మడ్‌గార్డులు పీకేసిన బళ్లు. బాగానే ఉన్నాయి. కానీ మావయ్య యెజ్డీ రోడ్‌కింగ్‌ని అలా కోయడానికి నాకు చేతులు రావు. కారణం చెబుతాను, విన్నాక తిట్టు.

ఇంజన్ విప్పాం. సిలిండర్ గోడ మీద నిలువునా గీతలు. పాయింట్ల వైపు క్రాంక్ సీలు ఎండి అప్పడంలా విరిగిపోయింది. టూ స్ట్రోక్ బండికి పెట్రోలూ ఆయిలూ కలిసి క్రాంక్ గదిలోంచే పైకి పోవాలి. సీలు పక్కనుంచి గాలి చొరబడితే మిశ్రమం పలచనైపోతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. "ఎత్తు ఎక్కేటప్పుడు బండి పట్టేస్తోందిరా" అని మావయ్య అంటుండేవారు గుర్తుందా? పాపం, ఆయిల్ తక్కువ పోస్తున్నానేమో అనుకునేవారు. ఆయన తప్పేమీ లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాను. లేత్ మేస్త్రీ సిలిండర్‌లో నా వేలు పెట్టించి పోర్టుల అంచులు తడిమించాడు. కత్తిలా ఉన్నాయి. బోరింగ్ అయ్యాక ఆ అంచుల్ని సన్నగా అరగదీయాలి, లేకపోతే కొత్త రింగు అక్కడ తగులుకుని విరుగుతుందట. చిన్న ఆకురాయితో ఒక్కో పోర్టు దగ్గరా ఎంత ఓపిగ్గా కూర్చున్నాడో! అలాంటి చేతులు చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

సైలెన్సర్లు రెండూ మసితో పూడిపోయాయి. లోపలి గొట్టాలు లాగి మంటలో కాల్చి తడితే నల్లటి పెచ్చులు రాలాయి.

ఇక అసలు మాట. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2022లో యెజ్డీ పేరుతో మళ్లీ బళ్లు వచ్చాయి గానీ, వాటివి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు. ఒకే సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు, కిక్కూ గేరూ ఒకటే రాడ్డు ఉన్న ఈ బండిని గ్రైండర్ పెట్టి కోస్తే, ఆ ముక్క మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? బోల్టుతో బిగించేదేదైనా అడుగు, చేస్తాను. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, మంచి హెడ్‌లైటు, మెత్తటి సీటు, అన్నీ పెడదాం. రేపు వద్దనుకుంటే విప్పేయొచ్చు. ఛాసిస్ జోలికి మాత్రం వద్దు. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టూ అదే అంది.

ట్యాంకు లోపలి తుప్పు తీయించాను. పైన మావయ్య మోకాళ్లు రాసుకుని రంగు పోయిన చోటు ముట్టుకోలేదు, ముట్టుకోనివ్వను కూడా. మడ్‌గార్డులకీ సైడు డబ్బాలకీ రెడ్ ఆక్సైడ్ కొట్టి ఉంచాం.

ఆర్‌సీ ఇంకా మావయ్య పేరు మీదే ఉంది. అది నీ పేరుకి మారాలంటే ఫారం 31 మీద నీ సంతకం కావాలి. పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి కాబట్టి రెన్యువల్ కూడా ఉంది, దానికి బండి ఆర్టీవో ఆఫీసులో చూపించాలి. సంక్రాంతికి వస్తే ఇద్దరం కలిసే వెళ్దాం. నల్ల రంగా, మెరూనా అన్నది మాత్రం ఈ వారంలోనే తేల్చు. పండగ పనులు మొదలైతే పెయింటరు దొరకడు.

నీ బావ