పళ్ళెం వెనుక పేరు

అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్ళే మన ఉద్యోగులు న్యూయార్కులో ఆకాశహర్మ్యాలు చూసి తిరిగి వస్తూ ఉంటారు. మేము మాత్రం గ్రాండ్ సెంట్రల్ స్టేషనులో ఉత్తరానికి పోయే రైలెక్కి, ఎడమవైపు కిటికీ వద్ద కూర్చున్నాము. హడ్సన్ నది మా వెంటే వచ్చింది. సుమారు 80 కిలోమీటర్ల దూరాన గారిసన్ అనే చిన్న ఊరు, దాని సమీపాన అడవిలో 'మానిటోగా' కలవు. ప్రఖ్యాత డిజైనరు రసెల్ రైట్ (1904–1976) నివాసమది.

1942లో రైట్ దంపతులు కొన్ననాటికి అది రాయి తీసి వదిలివేసిన క్వారీ. ఆయన వాగును మళ్ళించి ఆ గోతిని కొలనుగా మార్చారు. తరువాత దాని ఒడ్డున, బండల నడుమ ఇల్లు కట్టించారు. పైకప్పును మోసేది ఒక చెట్టు మాను. గోడపూతలో హెమ్లాక్ చెట్టు సూది ఆకులు అద్దారు. పలుచని ప్లాస్టిక్ పలకలలో నిజమైన సీతాకోకచిలుకలను పొదిగారు. ఇదే ఊహ 1950ల చివర భోజనాల బల్లపైకి కూడా వచ్చింది: ఆయన రూపొందించిన 'ఫ్లేర్' శ్రేణిలో 'మింగ్ లేస్' అనే రకం మెలమైన్ పళ్ళెములలో నిజమైన ఆకులే ఉన్నవి.

ఇటువంటి పాత పళ్ళెములను సేకరించేవారు మొదట పొరబడేది వెనుక ఉన్న ముద్ర వద్దనే. 'మెల్మాక్' అని కనబడగానే తయారీదారు దొరికినట్లు భావిస్తారు. అది అమెరికన్ సైనమిడ్ సంస్థ తన మెలమైన్ ముడిసరుకుకు పెట్టుకున్న వాణిజ్యనామం. ఆ పొడిని కొని, వేడిచేసిన ఉక్కు అచ్చులలో నొక్కి పళ్ళెములు తీసిన కర్మాగారములు అనేకం. సిమెంటు బస్తా మీది పేరు చూసి మేస్త్రీ ఎవరో చెప్పగలమా? కనుక మెల్మాక్ పక్కన మరొక పేరు వెదకాలి.

రైట్ విషయంలో ఆ పేర్లు ఆసక్తికరమైనవి. హోటళ్ళ వాడకానికై ఆయన రూపొందించిన 'మెలడూర్'ను తయారుచేసినది జనరల్ అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్, అనగా రైల్వే ట్యాంకు వ్యాగన్లకు పేరుపొందిన సంస్థ! 1953లో వచ్చిన గృహోపయోగపు 'రెసిడెన్షియల్' శ్రేణి బోస్టన్‌లోని నార్తర్న్ ఇండస్ట్రియల్ కెమికల్ కంపెనీది. ముద్రలో రైట్ పేరుంటే సంశయం లేదు. లేనప్పుడు ఆకృతిని, రంగును పరిశీలించాలి. 'కాపర్ పెన్నీ', 'బ్లాక్ వెల్వెట్' రంగులలో లోహపుపొడి మెరుపు కనిపిస్తుంది. అచ్చులోనే చెక్కిన ముద్ర గనుక ఎన్నేళ్ళు తోమినా సులభంగా చెరగదు. పైభాగం సంగతి వేరు: కత్తిగీతలు, టీ మరకలు పడతాయి. ఒకనాటి మోజు తగ్గడానికి అదొక కారణం.

అచ్చును చెక్కిన టూల్‌రూం పనివారి పేరు మాత్రం ఏ పళ్ళెం వెనుకా మాకు కనబడలేదు. ఆ ఉక్కుపని లేనిదే రైట్ గీత గీతగానే ఉండిపోయేది.

మానిటోగా శీతకాలంలో మూసి ఉంటుంది. ముందుగా టికెట్టు తీసుకొని, మార్గదర్శకుని వెంట తిరగాలి. రాతిమెట్లు ఎక్కువ గనుక మోకాళ్ళ నొప్పులున్నవారు ఆలోచించుకొని బయలుదేరవలెను.